ముట్లు ఆగాక హార్మోన్ మాత్రలు వాడొచ్చా?

పద్మ_కాకినాడ: నాకు 47. ముట్లు ఆగి ఏడాది దాటింది. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు, చెమటకి జాకెట్టు తడిసిపోతోంది, నిద్ర లేదు. డాక్టరమ్మ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మాత్రలు రాశారు. మా ఆయన క్యాన్సర్ వస్తుందని వద్దంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

శారద_బెజవాడ: వద్దమ్మా. 2002లో అమెరికాలో ఈ హార్మోన్ల మీద చేస్తున్న పెద్ద పరిశోధనని మధ్యలోనే ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని. ఇంకేం కావాలి? మా అమ్మకీ ఆవిర్లు వచ్చాయి, పోయాయి.

హైమ_వరంగల్: ఆ 26 శాతం అంటే ఎంతో కూడా చెప్పండి శారద గారూ. మందు వాడని 10,000 మందిలో ఏడాదికి 30 మందికి వస్తే, వాడినవాళ్లలో 38 మందికి వచ్చింది. పైగా అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. అరవై దాటాక మొదలుపెట్టడం వేరు, ముట్లు ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టడం వేరు.

శారద_బెజవాడ: ఆ ఎనిమిది మందిలో మీ ఇంటి మనిషి ఉంటే ఇలా లెక్కలు చెప్పరు.

రమణి: రోజూ నడవండి, సాయంత్రం కాఫీ మానేయండి. నాకు తగ్గింది.

హైమ_వరంగల్: నా సంగతి వినండి. తెల్లబట్ట అవుతోందని వెళ్తే 36 ఏళ్లకే గర్భసంచి తీసేశారు, దాంతోపాటు అండాశయాలు రెండూ తీసేశారు, ఆ విషయం డిశ్చార్జి కాగితం చదివాకే తెలిసింది. అంత చిన్న వయసులో తీసేస్తే, వేరే అడ్డు లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలి, ఎముకల కోసం, గుండె కోసం. నాకెవరూ చెప్పలేదు. మెట్ల మీద జారితే మణికట్టు విరిగింది, ఎముకలు గుల్లబారాయన్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, మన రెండు రాష్ట్రాల్లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 8 మందికి పైగా గర్భసంచి లేనివాళ్లే, దేశం మొత్తం మీద 3 దగ్గర ఉంది. వాళ్లందరినీ భరించమంటారా?

శారద_బెజవాడ: పద్మ గారికి సహజంగానే ఆగాయి, మీ ఆపరేషన్‌తో ఏం సంబంధం? 26 శాతం నిజమా కాదా?

హైమ_వరంగల్: నిజమే! ఆ రెండు మందులూ కలిపిన మాత్రకి. గర్భసంచి లేనివాళ్లకి ఇచ్చిన ఒట్టి ఈస్ట్రోజెన్‌తో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం పెరిగింది, 2004లో దాన్నీ ఆపారు, అదీ దాచట్లేదు. మీరు సగమే చెప్పి భయపెడుతున్నారు. ఆడది ఓర్చుకోవాలన్నదే మీ అసలు మాట.

శారద_బెజవాడ: కాదు. మా వదిన వాళ్లమ్మకి రొమ్ము క్యాన్సర్. వదినకి హార్మోన్లు రాసిన డాక్టరు ఆ ముక్క అడగలేదు, మమోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించలేదు, అదే చీటీతో ఏళ్ల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుంది. గడ్డ చేతికి తగిలేసరికి చంకలోకి పాకింది. మాత్ర వల్లే వచ్చిందని నేను నిరూపించలేను. కానీ మీ అమెరికా లెక్కలో ఆడవాళ్లకి ఏటా మమోగ్రామ్ తీశారు. ఇక్కడ ఎవరు తీస్తున్నారు?

హైమ_వరంగల్: చూసే డాక్టరు లేడని మందే వద్దంటే నాలాంటివాళ్లు విరిగిన ఎముకలతో ఉండాలా?

శారద_బెజవాడ: చూసే దిక్కు లేనప్పుడు మొదలుపెట్టొద్దనే అంటాను, ఇప్పటికీ.

మణి_నర్సు: పద్మ గారూ, మీకు ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, గుండెపోటు, లివర్ జబ్బు, కారణం తెలియని రక్తస్రావం ఉంటే ముందే చెప్పండి. ఇంట్లోవాళ్ల క్యాన్సర్లు కూడా. రక్తం గడ్డల భయం మాత్రకంటే చర్మానికి రాసే జెల్‌తో తక్కువ. గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్ వాడుతూ ప్రొజెస్టరాన్ మాత్రం మానొద్దు, లోపలి పొర మందమై క్యాన్సర్‌కి దారితీస్తుంది.

పద్మ_కాకినాడ: మా చిన్నమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ మాట నన్నెవరూ అడగలేదు. సోమవారం వెళ్లి చెప్తాను, జెల్ గురించీ అడుగుతాను. కాకినాడలో మమోగ్రామ్ ఎక్కడ బాగా తీస్తారో ఎవరైనా చెప్పండి.