హైకోర్టు బుద్వేల్‌కు పోతే మూసీ ఒడ్డున భవనం సంగతేంటి?

రాళ్ళపిచ్చి:
2024 మార్చి 27న హైదరాబాద్ శివారు బుద్వేల్‌లో తెలంగాణ కొత్త హైకోర్టుకు శంకుస్థాపన చేశారు, వంద ఎకరాల్లో. బెంచీలన్నీ అటు వెళ్ళాక పాత భవనాన్ని మ్యూజియం చేసేయాలని మిత్రులు కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. కోర్టు కోసం కట్టిన చోట కోర్టే నడవాలి, హైకోర్టు కాకపోతే కింది కోర్టు.

పాతబస్తీ వకీలు:
అన్నా, మీకు నయాపూల్ మీంచి గుమ్మటాలు కనిపిస్తాయి. నాకు కనిపించేది ఫైళ్ళ కట్టలు చంకన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చే మా గుమాస్తా. 1920 ఏప్రిల్‌లో తెరిచిన భవనం అది. ఇవాళ మంజూరైన జడ్జి పోస్టులే 42. 2009 ఆగస్టు 31న మంటలు లేచి లైబ్రరీ కాలిపోవడం మర్చిపోయారా?

రాజేంద్రనగర్ పూర్వ విద్యార్థి:
మధ్యలో ఒక మాట. ఆ వంద ఎకరాలు మా వ్యవసాయ విశ్వవిద్యాలయానివి. పిల్లలు ధర్నాలు చేసినా వినలేదు. అందం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

రాళ్ళపిచ్చి:
మీ బాధ న్యాయమే, దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తా.

వకీలు సాబ్, కాలింది పుస్తకాలు, చెక్క సామాను. రాతి కట్టడం నిలబడింది, బాగుచేసి మళ్ళీ అందులోనే కేసులు విన్నారు. జైపూర్ శంకర్‌లాల్ గీసిన నమూనాను బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ కట్టించాడు. గులాబీ గ్రానైట్ గోడల మీద ఎర్ర ఇసుకరాయి చెక్కడాలు ఎండ వాలే వేళ చూడాలి. పక్కనున్న సిటీ కాలేజీ, ఏటికి అవతల ఉస్మానియా ఆసుపత్రి కూడా ఎష్‌వే. ఆ ఆసుపత్రి పాత బ్లాకు ఏమైంది? 2020 జులై వానకు వార్డుల్లోకి నీళ్ళొచ్చాయని ఖాళీ చేయించి తాళం వేశారు. మనుషులు తిరగని భవనంలో కారే కప్పును పట్టించుకునేదెవరు? మ్యూజియం పేరుతో ఇక్కడా అదే జరుగుతుంది. రోజూ వాయిదాలుంటే, పెచ్చు ఊడిన మర్నాడే బార్ అసోసియేషన్ గొడవ చేస్తుంది.

పాతబస్తీ వకీలు:
గొడవ చేయడంలో మాకు లోటు లేదులెండి! సిటీ సివిల్ కోర్టును అందులోకి తెస్తామంటే నేనూ సంతకం పెడతా. కానీ ముసలి కక్షిదారు పై అంతస్తుకు ఎలా ఎక్కాలో, ఫైరింజను ఏ గేటు నుంచి రావాలో ముందు తేల్చండి. అది చేయలేకపోతే మ్యూజియమే నయం.