లిచీ చైనాదా, మనదా?

మామిడితోట: బీహార్‌లోని ముజఫర్‌పూర్ షాహీ రకం లిచీకి 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అయినా మొన్న ఇక్కడ ఒకాయన "అది చైనా పండే" అని తేల్చేశారు. వాళ్లదైతే మనకి జీఐ ఎలా ఇచ్చారు?

గాలిఅంటు: ఆ ఒకాయన్ని నేనే. జీఐ అంటే పుట్టిన ఊరి సర్టిఫికెట్ కాదండి. మిరప అమెరికా ఖండం నుంచి వచ్చింది, గుంటూరు సన్నానికి జీఐ లేదా? లిచీ దక్షిణ చైనా చెట్టు. యునాన్‌లో ఒకసారి, హైనాన్‌లో విడిగా ఇంకోసారి అడవి చెట్లని సాగులోకి తెచ్చారని 2022లో జన్యుక్రమం చూసి చెప్పారు. మనకి బర్మా మీదుగా 18వ శతాబ్దం చివర్లో చేరింది.

మామిడితోట: మిరప సంగతి ఎవరడిగారు? బీహార్‌లో జూన్‌లో వచ్చే రకం పేరే 'చైనా'. అంటే మేలో వచ్చే షాహీ చైనాది కాదనేగా?

వైజాగ్‌సుబ్బు: మైసూర్ బజ్జీ తింటూ చదువుతున్నా. కానివ్వండి.

గాలిఅంటు: పేరు పట్టుకుని వేలాడితే నేనేం చెప్పను!

మామిడితోట: చెప్పకండి. తొమ్మిదేళ్ల కింద ఒక నర్సరీవాడూ మీలాగే చెప్పాడు. "చైనా కూడా వేడి దేశమే కదండీ, కాస్తాయి" అని పన్నెండు మొక్కలు అంటగట్టాడు. ఏలూరు దగ్గర వేశాను. ఒక్క కాయ లేదు. ఏటా సంక్రాంతికి ఎర్రగా చిగురేసి వెక్కిరిస్తాయి.

గాలిఅంటు: అదా మీ కోపం! చలికాలంలో చిగురేస్తే ఇక పూత రాదండి. కొన్ని వారాలు పొడి చలి తగలాలి, రాత్రి 15 డిగ్రీల లోపు. ఏలూరులో డిసెంబరులోనూ ఫ్యాన్ తిరుగుతుంది. పుట్టిన చోటు గురించి నేను మొత్తుకునేది అందుకే.

మామిడితోట: మరి హైనాన్ చల్లగా ఉంటుందా? మా అంత వేడే కదా!

గాలిఅంటు: ఇది మంచి ప్రశ్న. అక్కడ కొమ్మ బెరడుని ఉంగరంలా గాటు పెట్టి చిగురు ఆపుతారు. అయినా ఆ రకాలు వేరు, మీ షాహీ వేరు.

వైజాగ్‌సుబ్బు: మా చింతపల్లి కొండల్లో కాస్తుంది. కొన్న రెండో రోజుకే తొక్క నల్లబడుతుంది, అది వేరే ఏడుపు.

మామిడితోట: గాటు పెట్టడానికి ఇంకేం మిగిలాయి? పదకొండు కొట్టించేశాను. మిగిలిన దాని కింద మా అమ్మ కుర్చీ వేసుకుంటుంది.