సీడీ 100: టైమింగ్ చైన్ లోపల ఇరుక్కుంది, క్రాంక్ తిరగడం లేదు

ఒంగోలు సీడీ100

నాన్నగారి 1989 మోడల్ హీరో హోండా సీడీ 100. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ బడికి దీని మీదే వెళ్లొచ్చారు, అందుకే దీన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుదలగా ఉంది. ఆయిల్ తాగుతోంది, తెల్లపొగ వస్తోందని ఒక షెడ్డులో ఇచ్చాం. వాళ్లు ఇంజన్ పైభాగం, అదే హెడ్డు విప్పి, కింది క్రాంక్ నుంచి పైన వాల్వులు తెరిచే క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్‌ను దేనికీ కట్టకుండా వదిలేసి, పని ఆపేశారు. బండి ఇంటికి తెచ్చేశాను.

ఇప్పుడు హెడ్డు లేదు, పిస్టన్ ఆడే బోరు ఇంకా ఇంజన్ మీదే ఉంది. చైన్ లోపలికి జారిపోయింది. టార్చి వేస్తే ఒక పక్క కొంచెం కనిపిస్తుంది గానీ, కొక్కెంతో లాగితే వేలెడు కూడా పైకి రాదు. క్రాంక్ చివర ఉండే మ్యాగ్నెట్ చక్రాన్ని చేత్తో తిప్పితే పావు చుట్టు తిరిగి ఆగిపోతుంది. వెనక్కి తిప్పితే ఇంకోచోట ఆగుతుంది. ఇంజన్ రెండు ముక్కలు చేయాల్సిందే అంటున్నారు ఇక్కడి మెకానిక్ ఒకాయన. నిజంగా అంత అవసరమా?

పాతబండి ప్రేమికుడు

బ్రదర్, చాలాకాలం కదలకుండా ఉంటే రింగులు బోరుకు తుప్పు పట్టి అతుక్కుంటాయి. పిస్టన్ మీద డీజిల్ పోసి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున కిక్కు కొడితే వదులుతుంది.

ఆటోనగర్ మెకానిక్

మాస్టారూ, కిక్కు మాత్రం కొట్టకండి. నేను పని నేర్చుకున్నదే ఈ ఇంజన్ల మీద. ముందు ఒక్క మాట చెప్పండి: ఆగేచోట మెత్తగా పట్టేస్తుందా, టక్కుమని ఇనుము తగిలినట్టు ఆగుతుందా? గేరు న్యూట్రల్‌లోనే ఉందా?

ఒంగోలు సీడీ100

న్యూట్రల్‌లోనే ఉందండి. టక్కుమనే ఆగుతుంది. ప్రతిసారీ అదే చోట.

ఆటోనగర్ మెకానిక్

అయితే అది తుప్పు కాదు. తుప్పయితే జిగురు పట్టినట్టు బరువుగా తిరుగుతుంది, లేదా అసలు కదలదు. మధ్యలో ఫ్రీగా తిరిగి అదే చోట గట్టిగా ఆగుతోందంటే అడ్డం ఉంది. బావిలోకి జారిన చేంతాడు అడుగున ముద్ద అయినట్టు, మీ చైన్ క్రాంక్ మీది చిన్న పళ్లచక్రం కింద మడతపడి ఉంటుంది. బలంగా తిప్పేకొద్దీ ఆ మడత చక్రానికీ గోడకీ మధ్య ఇంకా బిగుస్తుంది. ఇంకా గట్టిగా తిప్పితే అల్యూమినియం కేసు పగులుతుంది. ఈ మోడల్‌కి కేసు దొరికించుకోవడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది.

ఇంజన్ ముక్కలు చేయక్కర్లేదు. ఈ ఇంజన్లో చైన్ ఎడమవైపు, మ్యాగ్నెట్ వెనకాలే ఉంటుంది. ముందు ఆయిల్ దించేయండి. ఎడమవైపు ఇంజన్ అడుగున, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ బోల్టు ఉంటుంది, అది విప్పితే స్ప్రింగూ దాని వెంట పుష్‌రాడ్డూ కిందికొస్తాయి. అవి తీస్తే టెన్షనర్ చెయ్యి వదులై చైన్‌కి చోటు దొరుకుతుంది. చాలామంది ఈ పని మర్చిపోయి పైనుంచి లాగుతూ కూర్చుంటారు.

అప్పుడు గట్టి తీగ కొక్కెంతో చైన్‌ను పైకి పట్టుకుని, మ్యాగ్నెట్‌ను ఆగిన దిక్కుకి ఎదురుగా కొద్దికొద్దిగా తిప్పండి. మడత ఒక్కటే అయితే దీంతోనే వచ్చేస్తుంది. రాలేదంటే మ్యాగ్నెట్ తీయాలి. దానికి పుల్లర్ కావాలి, సుత్తి పెట్టొద్దు. మ్యాగ్నెట్ వెనక కాయిల్ ప్లేటు స్టార్ స్క్రూలు ఏళ్లతరబడి బిగిసి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే గాడి అరిగిపోయి డ్రిల్ వేయాల్సి వస్తుంది. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ పట్టుకెళ్లండి. ప్లేటు వచ్చిందంటే చక్రం, చైన్, టెన్షనర్ చెయ్యి అన్నీ కళ్ల ముందే ఉంటాయి.

పాతబండి ప్రేమికుడు

పుష్‌రాడ్ సంగతి నాకు తెలీదన్నా. నాది కూడా ఇలాంటి పాత బండే, స్ప్లెండర్. రాసిపెట్టుకుంటున్నాను.

ఒంగోలు సీడీ100

వచ్చేసిందండీ! టెన్షనర్ వదిలాక కొంచెం కదిలింది గానీ పూర్తిగా రాలేదు. ప్లేటు తీశాక తెలిసింది. చైన్‌కీ చక్రం పళ్లకీ మధ్య గోరంత నల్లటి ముక్క బిగుసుకుని ఉంది. రాయిలా ఉంటే ఇనుమే అనుకున్నా. నోస్ ప్లయర్‌తో పీకి గోరుతో గీస్తే రబ్బరు! చైన్ పైకి పట్టుకుని వెనక్కి తిప్పితే మడత విప్పుకుంది. బోరు లేపి చూస్తే పక్కన చైన్ ఒరుసుకునే రోలర్‌లో ఒక వైపు రబ్బరు ఊడిపోయి ఉంది. చైన్లో రెండు లింకులు మాత్రం వంచితే వంగట్లేదు.

ఆటోనగర్ మెకానిక్

చాలా సంతోషం మాస్టారూ. పాత రోలర్ వేడికీ ఆయిల్‌కీ గట్టిపడి పెచ్చులూడుతుంది. రోలర్‌లో ఊడినంత రబ్బరూ మీ చేతికి వచ్చిందా, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ అనిపిస్తే మిగతాది అడుగుకి పోయి ఉంటుంది. కుడివైపు క్లచ్ కవర్ విప్పి ఆయిల్ జల్లెడ కడగండి. అది మూసుకుపోతే కొత్త పిస్టన్ వేసినా నిలవదు.

బిగిసిన లింకులున్న చైన్ మళ్లీ వేయొద్దు. పాతది షాపుకి పట్టుకెళ్లి లింకులు లెక్కపెట్టి సరిపోల్చుకోండి. రోలర్, టెన్షనర్ చెయ్యి మీది చిన్న చక్రం, పుష్‌రాడ్ రబ్బరు తల, ప్లేటు రింగులు కూడా కొత్తవే తీసుకోండి. హెడ్డు ఎక్కించేదాకా చైన్ పైకొసకి బైండింగ్ వైర్ కట్టి ఉంచండి. బోరు తీసిన చోట క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టండి.

బిగించేటప్పుడు మ్యాగ్నెట్ మీది టీ గుర్తు కేసు మీది గీతకి, పైన క్యామ్ చక్రం మీది సున్నా గుర్తు హెడ్డు మీది గాడికి రావాలి. క్యామ్ చక్రానికి పళ్లు రెట్టింపు, అంటే కింద రెండు చుట్లకి పైన ఒక చుట్టు. టెన్షనర్ అన్నిటికన్నా చివర పెట్టి, ఆయిల్ పోసి, ప్లగ్గు విప్పి మ్యాగ్నెట్‌ను చేత్తో రెండు నిండు చుట్లు తిప్పండి. మళ్లీ గుర్తులు చూడండి. ఎక్కడైనా తగిలితే అక్కడే ఆపేసి ఇక్కడ రాయండి. నాన్నగారు బండి తోలేలా ఉంటే మొదటి కిక్కు ఆయన చేతే కొట్టించండి.