"కూడుట మానక"నా, "కూడుట మానకుడి"నా?

పాతపలక: ఆదివారం పొద్దున్నే మా నాన్నమ్మ దుప్పటి లాగేస్తూ ఒకే మాట అనేది: "సమాజముగా కూడుట మానకుడి, లే!" హెబ్రీ పత్రిక 10:25 అని తెలుసు. నిన్న తీసి చూస్తే నా బైబిల్లో "మానక" అనే ఉంది. ఊళ్లో చర్చి గోడ మీదా "మానకుడి" అని చదివినట్టే గుర్తు. పాత ముద్రణల్లో అలా ఉండేదా?

కృష్ణాతీరం: పెయింటర్ పుణ్యం అయ్యుంటుందండీ. ఆ వాక్యం "కొందరు మానుకొనుచున్నట్టుగా" దగ్గర ఎత్తుకుని ఎక్కడో "ఆలోచింతము" దగ్గర దిగుతుంది. అంత గోడ ఏ సంఘానికి ఉంది?

అసమాపక: నవ్వుకోడానికి బాగానే ఉంది కానీ తేడా చిన్నది కాదు. "మానక" వ్యతిరేక క్త్వార్థం, అంటే వాక్యాన్ని ముగించని క్రియ, దాని బరువంతా "ఆలోచింతము" మీద ఉంది. అంటే పత్రిక రాసినాయన తననూ కలుపుకుని "మనం" అంటున్నాడు. "డి" చేరేసరికి ఆయన పుల్పిట్ ఎక్కి "మీరు" అన్నట్టయింది.

కృష్ణాతీరం: మరి పక్కనే "ఒకనినొకడు హెచ్చరించుచు" ఉందిగా మాస్టారూ? అది పుల్పిట్ కాదా?

అసమాపక: హెచ్చరించడమంటే బెదిరించడం అని ఎవరన్నారు? "హెచ్చరికగా రారా హే రామచంద్ర" అన్న త్యాగయ్య రాముణ్ణి బెదిరించాడా? జాగ్రత్తగా రా నాయనా అని. యదుకుల కాంభోజిలో ఒక్కసారి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

తుంగభద్ర: మా వైపు కన్నడంలో "ఎచ్చర" అంటే మెలకువ. నిద్ర లేవడాన్ని "ఎచ్చర ఆయితు" అంటారు. "హెచ్చరిక"కు వేరు "హెచ్చు"లో కాదు, ఇక్కడుంది.

పాతపలక: అయితే నాన్నమ్మ దుప్పటి లాగడమే హెచ్చరించడం అన్నమాట :)

సువార్తమ్మ: మూలమైన గ్రీకులో "హెచ్చరించుచు" అన్నచోట ఉన్నది "పరకలేఓ" అనే క్రియ. ధైర్యం చెప్పడం, ఓదార్చడం, బతిమాలడం అన్నీ అందులో ఉన్నాయి. అదే ధాతువు మీద పుట్టిన మాటను యోహాను సువార్తలో మనవాళ్లు "ఆదరణకర్త" అన్నారు. ఇక్కడ కూడా "ఆదరించుచు" అని ఉంటే నాలుగు వారాలు రానివాళ్ల ఇంటికి పెద్దలు వెళ్లే తీరే వేరుగా ఉండేది. మా అమ్మ మోకాలి నొప్పితో రెండు నెలలు వెళ్లలేదు. వచ్చినవాళ్లు ముందు ఈ వాక్యం చదివారు, మోకాలి సంగతి తర్వాత అడిగారు.

కృష్ణాతీరం: అయ్యో. అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

సువార్తమ్మ: పర్లేదండీ, ఆటోలో వెళ్తోంది. ఇంకోటి, "సంఘముగా" అనకుండా "సమాజముగా" అనడం ఊరికే కాదనుకుంటా. మూలంలో "ఎపిసునగోగే", లోపల సునగోగు, అంటే యూదులు ఆరాధనకు కూడే చోటు, ఉంది. మన బైబిల్లో సునగోగు అంటే సమాజమందిరమేగా.

అసమాపక: బాగుంది, కానీ 2 థెస్సలొనీకయ 2:1లో అదే మాటకు "కూడుకొనుట" అని సరిపెట్టారు. అక్కడ సమాజం ఏమైంది?

గబ్బిలం: కూడటం గురించి ఇంత మాట్లాడుతూ జాషువాను తలుచుకోరేంటి? "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిందని అందరూ చెప్తారు. నాకైతే "గబ్బిలం" ముందు అది నిలవదు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. కూడుట మానినవాడు కాదు వాడు, కూడనివ్వనివాడు.

అసమాపక: "కూడనివ్వనివాడు" అంటే అడ్డుపడేవాడనే అర్థం వస్తుంది. "కూడనివ్వబడనివాడు" అనాలి.

గబ్బిలం: అంత నోరు తిరక్కే జాషువా పద్యం రాశాడు.

తుంగభద్ర: లాక్‌డౌన్‌లో ఫోన్లో ఆరాధన చూసినవాళ్లు కూడినట్టేనా? మా పాస్టర్ గారైతే "అది కూడిక కాదయ్యా, తీసివేత" అనేవారు.

కృష్ణాతీరం: హహ్హ. లెక్కల మాస్టారా?

పాతపలక: ఇంతకీ పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉందా?

కృష్ణాతీరం: మా తాతగారిది ఉండాలి. హెబ్రీ దాకా చెదలు రాకపోతే ఫోటో పెడతా.

అసమాపక: "చెదలు పట్టకపోతే" అనాలి.