అజిత్రోమైసిన్ జోన్ అంచు మసగ్గా వస్తోంది, ఎక్కడ కొలవాలి?

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేసేవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. టైఫాయిడ్ పేషెంట్ రక్తంలో పెరిగిన సాల్మొనెల్లా టైఫీకి డిస్క్ పద్ధతిలో సెన్సిటివిటీ పెట్టాను (యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని, అంటే జోన్‌ని, మిల్లీమీటర్లలో కొలిచే టెస్ట్). ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మందం 4 మిల్లీమీటర్లు, బ్యాక్టీరియా ద్రవం చిక్కదనం 0.5 మెక్‌ఫార్లండ్, 35 డిగ్రీల దగ్గర 18 గంటలు, అన్నీ చూసుకునే చేశా. సిప్రో (సిప్రోఫ్లాక్సాసిన్) పనిచేస్తుందో లేదో తెలియడానికి దాని బదులు పెట్టే పెఫ్లాక్సాసిన్ జోన్ 17, అంటే ఇక సిప్రో పనిచేయదు, అందులో డౌట్ లేదు. చిక్కంతా 15 మైక్రోగ్రాముల అజిత్రోమైసిన్ దగ్గరే. జోన్ అంచున పాలమీగడలా పలచటి పొర, నేను కొలిస్తే 14, మా సీనియర్ అక్క కొలిస్తే 12, ప్లేటూ అదే స్కేలూ అదే! 13, ఆపైన ఉంటే సెన్సిటివ్, 12 అయితే రెసిస్టెంట్ కదా, అందుకే టెన్షన్. డిస్క్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి పెట్టిన కంట్రోల్ బ్యాక్టీరియా స్టఫైలోకాకస్ 25923కి 24 వచ్చింది, కాబట్టి డిస్క్ పాడవలేదు. పొరకు లోపల కొలవాలా, బయటా? లేక ఇదంతా వదిలేసి స్ట్రిప్‌తో ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు) చూడటమే మేలా? రిపోర్ట్ రేపు పొద్దున్నే ఇవ్వాలి.