కథ కొలరాడోది, కొండలు న్యూజిలాండ్‌వి: ఇది మోసం కాదా?

గుర్రపుడెక్క:
జాన్ మెక్లీన్ తీసిన ‘స్లో వెస్ట్’ (2015) నిన్న రెండోసారి చూశాను. కథ 1870 నాటి అమెరికాలోని కొలరాడో. ప్రియురాలిని వెతుక్కుంటూ స్కాట్లండ్ నుంచి వచ్చిన కుర్రాడు, డబ్బు తీసుకుని వాడికి తోడు నడిచే తుపాకీ మనిషి. షూటింగ్ మాత్రం దాదాపు అంతా న్యూజిలాండ్ దక్షిణ దీవిలోనే. మొదటిసారి పట్టించుకోలేదు కానీ ఈసారి కుచ్చులు కుచ్చులుగా పెరిగిన ఆ టస్సాక్ గడ్డి కనబడినప్పుడల్లా సినిమాలోంచి బయటికొచ్చేశాను. కొలరాడో కొండలైన రాకీస్‌లో ఉండాల్సింది సేజ్‌బ్రష్ తుప్పలు, యాస్పెన్ చెట్లు. వెస్టర్న్‌లో, అంటే కౌబాయ్‌ల కాలపు అమెరికా సినిమాలో, సగం కథ నేలదే కదా. పెద్ద స్టూడియోలు చేస్తే సరేలే అనుకుంటాం, ఇండిపెండెంట్ వాళ్లూ ఇదే పని చేస్తే ఇక తేడా ఏముంది?

రీలుడబ్బా:
నేల ముఖ్యమే, కాదనను. కానీ చిన్న యూనిట్ కెమెరా ఎక్కడ పెట్టగలదో కూడా ఆలోచించండి. కొలరాడోలో చెట్లు ఆగిపోయి రాళ్లూ గడ్డీ మాత్రమే మిగిలే గీత సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ మనుషులకు ఊపిరి ఆడదు, జనరేటర్లకు బలం చాలదు, వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మొదలైతే అన్నీ సర్దుకుని కిందికి దిగాల్సిందే. దక్షిణ దీవిలో అదే గీత 1,000 నుంచి 1,300 మీటర్ల దగ్గరే వచ్చేస్తుంది. రోడ్డు పక్కన వ్యాన్లు ఆపుకుని, సామాను కాస్త దూరం మోసుకెళ్తే ఎత్తయిన పర్వతం మీద ఉన్నట్టే కనిపిస్తుంది. పైగా ఇది బ్రిటన్, న్యూజిలాండ్ కలిసి తీసిన సినిమా. డబ్బు అక్కడిదైతే ఖర్చూ అక్కడే పెట్టాలి. లేకపోతే సినిమానే ఉండేది కాదేమో.

గుర్రపుడెక్క:
డబ్బు లేదన్నది ప్రతిదానికీ చెప్పే సాకే. కెల్లీ రైకార్డ్ ‘మీక్స్ కటాఫ్’ (2010) చూడండి. 1845లో ఒరెగాన్‌లో దారి తప్పిన బళ్ల బిడారు కథ. ఆ బళ్లు నిజంగా నడిచిన బర్న్స్ ఊరి చుట్టుపక్కల ఎడారిలోనే తీశారు, అదీ తక్కువ బడ్జెట్‌లో. దాదాపు చదరంగా ఉండే 4:3 ఫ్రేమ్‌లో బిగించేసరికి పక్కన ఏముందో మనకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. ఆ దాహం ఇంకెక్కడ తీసినా వచ్చేది కాదు.

పాతజోడు:
గురూ, అది మైదానం. మంచుకొండల లెక్క వేరు. కోర్బుచీ ‘ద గ్రేట్ సైలెన్స్’ (1968) యూటా కథే, తీసింది మాత్రం ఇటలీలో, డోలమైట్స్ కొండల్లోని కోర్టినా వైపు. ఊరి సెట్ రోమ్ స్టూడియోలో, అక్కడ మంచుకు బదులు షేవింగ్ నురగ వాడారట! అయినా ఆ చలి ఎముకల్లోకి దిగుతుంది. సరైన ఖండం ఎంచుకుంటే చాలనుకుంటున్నారేమో, అమెరికా కథైన ‘ద రెవెనెంట్’ వాళ్లు కెనడాలో మంచు కరిగిపోయి చివరికి అర్జెంటీనా దాకా పరిగెత్తారు.

నీలిరాయి:
అందరూ గడ్డి, మంచు దగ్గరే ఆగిపోయారు. 1870లో కొలరాడో ఇంకా రాష్ట్రం కూడా కాదు, 1876లో అయింది. 1868 ఒప్పందం ప్రకారం పడమటి కొండల ప్రాంతం అక్కడి మూలవాసులైన యూట్ ప్రజలది. కథ అక్కడే తీస్తే, తలుపు తట్టి అడగడానికి ఆ మనుషులు పక్కనే ఉంటారు. ఈ మాట ఇలా అనేవాళ్లం కాదనో, గుర్రానికి జీను అలా వేయమనో చెప్పేవాళ్లుంటారు. సముద్రం దాటి వెళ్లి తీస్తే ఆ కొండలు ఖాళీ కొండలైపోతాయి, యూట్‌లు ఓ రెండు షాట్లలో నీడల్లా దాటిపోతారు. అసలు న్యూజిలాండ్ కొండలు మాత్రం ఖాళీవా? అవీ న్గాయ్ తహు అనే మావోరీ తెగవాళ్ల నేలే. ఒకళ్ల కొండకు ఇంకొకళ్ల పేరు పెట్టి, ఇద్దరినీ ఫ్రేమ్‌లోంచి తప్పించేశారు. నా గొడవ ఇదీ, గడ్డి కాదు.

రీలుడబ్బా:
మంచి పాయింట్, కానీ అక్కడే తీస్తే న్యాయం జరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. ‘ద సెర్చర్స్’ (1956) చూడండి. కథ టెక్సాస్‌ది, తీసింది అరిజోనా, యూటా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీలో. అది నవాహో తెగవాళ్ల సొంత నేల, వాళ్లే వచ్చి నటించారు, తీరా వాళ్లకిచ్చినవి వేరే తెగైన కొమాంచీల వేషాలు. పక్కనే ఉన్నారు, అయినా అడిగిందెవరు?

నీలిరాయి:
1956లో అడగలేదు కాబట్టి 2015లో కూడా అడగనక్కర్లేదంటారా?

రీలుడబ్బా:
అలా అనలేదండీ. లొకేషన్ ఒక్కటే సరిపోదంటున్నాను, అంతే. అన్నట్టు గుర్రపుడెక్క గారూ, మీ గడ్డి బాధకు చిన్న మందు. దక్షిణ దీవి కొండల్ని ఇప్పుడు పీడిస్తున్న కలుపు చెట్లలో ముఖ్యమైనది లాడ్జ్‌పోల్ పైన్. అది ఉత్తర అమెరికా నుంచి, మీ రాకీస్ చెట్టే, తీసుకెళ్లి నాటింది. టస్సాక్ గడ్డిని మింగేస్తోందని హెలికాప్టర్లలోంచి మందు చల్లి మరీ చంపుతున్నారు.

గుర్రపుడెక్క:
అంటే నేను వెతుకుతున్న చెట్టు అక్కడ ఉందన్నమాట, అదీ దొంగతనంగా! సరే, మూడోసారి చూస్తాను. కానీ నీలిరాయి గారు అన్నదాని తర్వాత చూసేది చెట్ల కోసం కాదు, ఆ రెండు షాట్ల కోసం.