‘ఇన్‌సెప్షన్’ను ‘ప్రారంభం’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: పాల సహకార సంఘం వార్షిక నివేదికను తెలుగులోకి మార్చాలి. అందులో ‘సిన్స్ ఇట్స్ ఇన్‌సెప్షన్ ఇన్ 1987’ అని ఉంది. ‘దాని ప్రారంభం నుంచి’ అంటే అతకడం లేదు. అసలు ఇంగ్లీషులో ఈ మాట ఎక్కడెక్కడ వాడొచ్చు?

జవాబు: ‘1987లో ఏర్పడిన నాటి నుంచి’ అనండి, చాలు. ఇంగ్లీషు నామవాచకాన్ని తెలుగులో క్రియగా విప్పేస్తే సగం తంటా తీరుతుంది. పత్రికల్లో పార్టీలకు ‘ఆవిర్భావం’, రాష్ట్రాలకు ‘అవతరణ’ స్థిరపడ్డాయి గానీ పాల సంఘానికి అంత బరువు దేనికి? మూలం లాటిన్ ‘ఇన్‌కిపెరె’. పట్టుకోవడం అనే అర్థమున్న ‘కపెరె’ అందులో దాగి ఉంది. మన ‘చేపట్టడం’లోనూ ఉన్నది పట్టే కదా!

మరో జవాబు: సంస్థ, పథకం, ఉద్యమం లాంటి కొంతకాలం సాగేవాటి పుట్టుకకే ఇన్‌సెప్షన్. మీటింగ్ పదింటికి మొదలైతే స్టార్ట్ చాలు. జ్వరానికీ రుతుపవనాలకూ ఆన్‌సెట్. రిబ్బను కత్తిరిస్తే ఇనాగరేషన్. కన్సెప్షన్‌తో మాత్రం కలపకండి, అది ఆలోచన రూపుదిద్దుకోవడం, లేదా గర్భధారణ. 2010లో ‘ఇన్‌సెప్షన్’ పేరుతో సినిమా వచ్చాక ‘ఒకదానిలో ఇంకొకటి’ అనే అర్థంలో వాడేవాళ్లూ ఉన్నారు. కబుర్లలో సరే, నివేదికలో వద్దు.

అడిగినవారు: ఇంగ్లీషు ప్రతిలో ‘ది సొసైటీ ఈజ్ సర్వింగ్ ఫార్మర్స్ సిన్స్ ఇట్స్ ఇన్‌సెప్షన్’ అని కూడా ఉందండీ. సరేనా?

జవాబు: ‘ఈజ్’ తప్పండీ. ‘హాజ్ బీన్ సర్వింగ్’ అనాలి. తెలుగులో ‘అప్పటి నుంచి సేవలందిస్తోంది’ అని వర్తమానంలోనే చెబుతాం కాబట్టి మనకి ఈ పొరపాటు వెంటనే కనబడదు. అలాగే ‘ఇట్స్’లో పైన కామా పెట్టకూడదు, పెడితే ‘ఇట్ ఈజ్’ అయిపోతుంది. ‘ఫ్రమ్ సిన్స్’ అని రెండూ కలిపి రాసేవాళ్లున్నారు, ఒకటే ఉంచండి. సంస్థ పేరు తర్వాత వస్తే ‘సిన్స్ ది ఇన్‌సెప్షన్ ఆఫ్ ది సొసైటీ’, ఆ మొదటి ‘ది’ని మింగేయొద్దు. పలికేటప్పుడు ఒత్తు ‘సెప్’ మీద.

మరొకరు: మ్యూచువల్ ఫండ్ కాగితాల్లో ‘సిన్స్ ఇన్‌సెప్షన్’ గడి కూడా ఇదేనా?

జవాబు: ఇదే, ఆ పథకం మొదలైన తేదీ నుంచి వచ్చిన రాబడి. మీరు డబ్బు పెట్టిన తేదీతో దానికి సంబంధం లేదు. ఏడాది దాటిన పథకాలకు అది చక్రవడ్డీ లెక్కలో వార్షిక రేటు. 10 రూపాయల యూనిట్ 12 ఏళ్లలో 40 అయిందనుకోండి. లాభం 300 శాతం కదా అని 12తో భాగించి 25 అనేస్తారు. అది తప్పు. ఆరేళ్లకోసారి రెట్టింపైనట్టు కాబట్టి రేటు దాదాపు 12.2 శాతమే. ఇంకో మెలిక: ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1న వచ్చాయి. అంతకుముందే ఉన్న ఫండ్‌లో ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌కు పాత తేదీ, డైరెక్ట్‌కు 2013 తేదీ ఉంటాయి. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి, పోల్చాలంటే ఐదేళ్ల గడి చూడండి.